కుబుసం వరస

కట్ట వేసిన నలభై ఒకటో ఏడు. అమావాస్య.
లోనీరు మూడు జానలు. ఒకటో పంపు నడుస్తోంది. రెండో పంపు తను నడుస్తున్నాననుకుంటోంది. నేను అనుకోవడం లేదు.

ఈ పుస్తకం పంపులది. రాసేవాడు పంపుల మరిడయ్య. వయసు డెబ్బై మూడు, చదువు అట్టలూడిన పదకొండు పుస్తకాలు. ఇందులో నీటిమట్టం తప్ప మరేమీ రాయకూడదని కట్టపెద్ద ఆజ్ఞ. నలభై ఏళ్ళలో ఆ ఆజ్ఞ ఎవరూ తనిఖీ చేసిన పాపాన పోలేదు. ఊళ్ళో చదవడం వచ్చినవాళ్ళం నలుగురం, అందులో ఇద్దరికి చూపు ఆనదు.

ఈ ఉదయం పోటు మీద దోనెలవాళ్ళు వచ్చారు. అమావాస్యకీ పౌర్ణమికీ సముద్రం కట్ట అంచు దాకా పొంగుతుంది కనక ఆ రెండు రోజులూ వాళ్ళకి గోడ ఎక్కే శ్రమ తప్పుతుంది. వాళ్ళకి కావలసింది మా పొడినేల. మాకు కావలసిందీ అదే. ఇందులో మధ్యవర్తికి పని లేదు.

మూడో తూము దగ్గర ఎక్కారు. ముందు వరస పరిగెత్తింది. ముందు వరస అంటే ఇరవై మంది కుబుసంవాళ్ళు. చిన్నప్పుడు ఎర్రజ్వరం వచ్చి, తగ్గాక వేళ్ళ కొసల చర్మం పాము కుబుసంలా ఊడినవాళ్ళు. ఒకసారి ప్రాణం మార్చుకున్నారు కాబట్టి చావు తనంతట తను వాళ్ళని మళ్ళీ ముట్టుకోదని, మనిషి చేత్తో చంపితేనే పోతారని మా ఊరి నమ్మకం. ఆనాడు ఊడిన చర్మాన్ని తాయెత్తులో పెట్టి మెడలో కట్టుకుంటారు. యుద్ధానికి ముందు వంటశాలలో మొదటి ముద్ద వాళ్ళది, కట్ట మీద మొదటి అడుగూ వాళ్ళదే.

పంపుగది నుంచి మూడో తూముకి మైలున్నర. పరిగెత్తిన ఊపులోనే కొక్కేల గెడలతో మీద పడ్డారు. వాళ్ళ నాయకురాలు ధనకొండ మొదటివాడి దవడ కింద కొక్కెం తగిలించి, పండుగప్ప చేపని దోనెలోకి లాగినట్టు లాగి, రాళ్ళ మీద పడేసి, మెడ మీద కాలు మోపి రెండోవాడి కోసం చూసింది. మెడ విరిగిన చప్పుడు నాకు వినపడలేదు, నేను పంపుగది కప్పు మీద దుర్భిణీలోంచి చూస్తున్నాను. కానీ ఆ చప్పుడు నాకు తెలుసు. రెండోవాడికి పొట్టలో దింపి తిప్పింది. నీళ్ళు ఎర్రబడ్డాయి, పేగుల మీద సీగల్ పిట్టలు వాలాయి. అవి ఏ పక్షమూ కావు.

గెలిచాం. గెలిచాక యేసుదాసు చచ్చిపోయాడు. ఇద్దరిని నరికి, నవ్వుతూ వెనక్కి వచ్చి, ముంతలో నీళ్ళు తాగబోయి రొమ్ము పట్టుకున్నాడు. ముఖం చెమటతో తడిసింది. తిన్నదంతా కక్కాడు. పెదాలు నీలంగా మారాయి. ముప్పై ఒక్క ఏళ్ళవాడు, ఒంటి మీద గోటిగీత లేదు. మాఘంలో గంగులు ఇలాగే పడ్డాడు, చైత్రంలో సూరమ్మ. కుబుసంవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు చావరు కదా. మరి ఎవరో చంపి ఉండాలి.

పాడ్యమి.
లోనీరు మూడు జానలు.

ఎవరు చంపారో ఊరు కనుక్కుంది. ముగ్గురూ పరుగుకి ముందు తిన్నది పెంటయ్య వండిన చేపల పులుసు. కక్కి చచ్చారంటే విషమే. పెంటయ్య నలభై ఏళ్ళుగా వంటశాలలో ఉన్నాడు, నాకు బావ వరస. కట్టపెద్ద సర్వారాయుడు అతన్ని పొయ్యి ముందు కూచోబెట్టి, “ఏం కలిపావు” అని అడిగించాడు. కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటీ రోకలి కింద పెట్టి అడిగించాడు. నాలుగో వేలు దగ్గర పెంటయ్య, “చింతపండండి” అన్నాడు. దాంతో అయిదోదీ పోయింది.

తీర్పు: పౌర్ణమి పోటు వేళ తూములో పెట్టడం. అంటే మనిషిని తూములో కట్టేసి తలుపు ఎత్తడం. ఆ తూము అడుగున ఉన్న రాతి పళ్ళెం తోమేది నేను. ఆ పని గురించి ఎక్కువ రాయను.

విదియ.
పెంటయ్యని వలల కొట్లో పెట్టారు. వెళ్ళాను. చేయి అరటిగెల మొదలులా ఉంది.

“బావా, నిజం సెప్పు, నా పులుసుకి అంత బలముందంటావా?” అన్నాడు.

“నలభై ఏళ్ళు తిన్నాను. నన్నేం చెయ్యలేదు.”

“నువ్వు కుబుసమోడివి కాదుగా. నీకు ఆకరి ముద్ద, అడుగున మిగిలింది. ఇషం పైన తేలుద్దేమోనని సర్వారాయుడు అనుమానం.” వాచిన చేతిని ఒళ్ళోకి తీసుకుని, “పదమూడు రోజులు. నువ్వు ఏదో ఒకటి కనిపెడతావులే. కనిపెట్టకపోతే తూము పళ్ళెం బాగా తోము, బావా. నాచు మీద జారి చావడం నాకిష్టం లేదు” అన్నాడు.

చవితి.
రెండో పంపు ఆగింది. అనుకున్నదే.

విప్పి చూస్తే వంపు దగ్గర గొట్టం ఉబ్బి ఉంది. ఎప్పుడో ఒకసారి విపరీతంగా కాగి లోహం మెత్తబడి ఉంటుంది. నీళ్ళకి ఒక గుణం ఉంది: ఇరుకులో పరిగెడతాయి, వెడల్పులో బద్ధకిస్తాయి. మనుషులూ అంతే, కాని అది వేరే కథ. బద్ధకించిన చోట ఒండ్రు దిగుతుంది. ఏళ్ళ తరబడి దిగుతూనే ఉంటుంది, పంపు నడుస్తూనే ఉంటుంది. ఏదో ఒక పోటు రోజున పంపుని గట్టిగా తిప్పుతాం. అప్పుడు ఆ ముద్ద కదిలి గొట్టానికి అడ్డం పడుతుంది, లేదా వచ్చే నీరు చాలదు. పంపు పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంటుంది. గోటిగీత ఉండదు.

చేతిలో ఒండ్రు ముద్ద పట్టుకుని అరగంట కూచున్నాను.

పంచమి.
ముందు వరసవాళ్ళ శవాలని వచ్చే పౌర్ణమి దాకా ఉప్పుగుంటలో ఉంచి, పోటు దిగేటప్పుడు సముద్రానికి ఇస్తాం. కుబుసంవాళ్ళ శవం మీద కత్తి పెట్టినవాడికి చేయి నరుకుతారు. మధ్యాహ్నం ఊరంతా భోజనాల దగ్గరుండగా రెండు చేతులూ ఉన్నవాడిగా బహుశా చివరిసారి నడుస్తున్నాననుకుంటూ ఉప్పుగుంటకి వెళ్ళాను.

యేసుదాసు రొమ్ము ఎముక కోయడానికి పైపులు కోసే రంపం పట్టింది. ఇలా రాస్తే క్రూరంగా ఉంటుంది, చేస్తే ఇంకా ఉంటుంది. పొట్టలో రంగులో గానీ వాసనలో గానీ ఏ తేడా లేదు. గుండెని బయటికి తీశాను. గుండె పైన, దానికే రక్తం పోసే సన్నగొట్టాలు రెండు ఉంటాయి. నా పదకొండు పుస్తకాల్లో ఏడోదానిలో బొమ్మ ఉంది. బొమ్మలో అవి గోధుమ కాడంత. యేసుదాసు గుండె మీద ఒకటి రేగుపండంత ఉబ్బి ఉంది. కత్తి ఆనిస్తే గుల్లలా గరగరలాడింది. చీల్చాను. లోపల నల్లటి ముద్ద, గొట్టం నిండా.

వెనక ఉప్పు కరకరలాడింది. తిరిగేలోపు కొక్కెం కొస నా గొంతు మీద ఉంది. ధనకొండ.

“సెయ్యి తీస్తాను, తలా తీస్తాను. ముందేది తియ్యమంటావు?”

“ముందు ఇది చూడు. తరవాత నీ ఇష్టం.”

చూసింది. కొక్కెం తియ్యకుండానే వంగి, వేలితో ఆ ఉబ్బుని నొక్కింది. నేను రెండో పంపు సంగతి చెప్పాను.

“ఇదెందుకయ్యింది తాతా?”

“ఎర్రజ్వరం. ఆ కాకకి గొట్టాలు ఉడికి మెత్తబడ్డాయి. అప్పుడు మీ అందరికీ మూడేళ్ళో నాలుగేళ్ళో. జ్వరం తగ్గింది, చర్మం ఊడింది, కొత్తది వచ్చింది. లోపలిది మాత్రం రాలేదు. పాతికేళ్ళు ఒండ్రు పడుతూ వచ్చింది.”

“మరి చావు ముట్టుకోదని…”

ఇక్కడ అబద్ధమాడి ఉంటే సరిపోయేది. ఆ పని నాకు బాగా వచ్చు. అదే అసలు తంటా.

కట్ట వేసిన పదమూడో ఏడు ఎర్రజ్వరం వచ్చింది. కళ్ళు ఎర్రబడి, పెదాలు పగిలి, నాలుక దానిమ్మ గింజలు పరిచినట్టయి, పిల్లలు పది రోజులు కాగిపోయారు. అందరికన్నా ముందు వేళ్ళ చర్మం ఊడింది మూడేళ్ళ ధనకొండకి. వాళ్ళమ్మ అచ్చియ్యమ్మ పిల్లని ఎత్తుకుని పంపుగదికి పరిగెత్తుకొచ్చింది. పుస్తకాలున్నది నా దగ్గరే కదా. ఆమె ఏడుపు చూడలేకపోయాను. పుస్తకంలో ఏమీ దొరకలేదు. అందుకని, “ఇది కుబుసమమ్మా. పాత ప్రాణం వదిలేసింది. ఇక చావు దీన్ని ముట్టుకోదు” అన్నాను. ఆమె నవ్వింది. సాయంత్రానికి ఊరంతా పాకింది. పదేళ్ళకి ఆచారమైంది, ఇరవై ఏళ్ళకి ముందు వరస అయ్యింది. నేను వినోదంగా చూస్తూ కూచున్నాను. కథ చెప్పేవాడికి తన కథ కాళ్ళొచ్చి నడవడం కన్నా సంబరం ఏముంటుంది?

అంతా చెప్పాను. ధనకొండ కొక్కెం కింద పెట్టి పిడికిలితో కొట్టింది. నాకు ఆరు పళ్ళుండేవి. ఇప్పుడు నాలుగు.

అష్టమి.
లోనీరు మూడున్నర. ఒక్క పంపే.

గొట్టాల్లోపలి పగుళ్ళు పైనుంచే చూపించే శబ్దపుకర్ర ఒకటి పాతకాలపు సామానులో ఉంది. ఒంటికి ఆనిస్తే, దాని అద్దంలో లోపలి గోడలు మసకగా కనబడతాయి. నా దవడ ఇంకా వాచే ఉంది. ఆ వాపు మీద మొదట పరీక్షించాను. తరవాత ధనకొండ వరసలో మిగిలిన పద్దెనిమిది మందినీ పంపుకి దండం పెట్టుకునే వంకతో తీసుకొచ్చింది. పందొమ్మిదో మనిషి తనే.

పద్నాలుగు మందివి శుభ్రంగా ఉన్నాయి. అయిదుగురికి ఉబ్బులున్నాయి. నలుగురికి ఒక్కొక్కటి. ధనకొండకి రెండు, అందులో ఒకటి యేసుదాసుదాని కన్నా పెద్దది.

“ఏముంది?” అంది.

“ఉంది.”

“ఎంత?”

వేళ్ళతో చూపించాను. నా వేళ్ళ వంక కాసేపు చూసి, రవిక సర్దుకుని, “పరిగెత్తినప్పుడు ఎడం దవడ లాగుద్ది. గెడ బరువనుకున్నాను” అంది.

దశమి.
చావడిలో అందరి ముందూ చెప్పాను. పంపు గొట్టం ఉబ్బు కోసి తెచ్చి చూపించాను. యేసుదాసు గుండె ఉప్పులో పెట్టి తెచ్చాను. అది తెరవగానే రాళ్ళు పడ్డాయి. నుదురు చిట్లింది. యేసుదాసు అన్న నన్ను నేలకేసి తొక్కాడు, పక్కటెముక ఒకటి పోయింది. ఎవరో గొడ్డలి తెచ్చారు, చేతికోసం.

“ఆ సెయ్యి పోతే పంపెవరు తిప్పుతారు? నువ్వా?” అని ధనకొండ అడ్డం నిలబడింది. గొడ్డలి ఆగింది.

సర్వారాయుడు తీరిగ్గా, “మరిడయ్యా, గొట్టాలు బాగుచేసేవాడికి మనుషులు కూడా గొట్టాల్లాగే కనపడతారు. నీ బావని కాపాడుకోడానికి మా పిల్లల్ని రోగిష్టోళ్ళని సేత్తావా?” అన్నాడు.

“కుబుసం సంగతి నేనే కల్పించానండి.”

“నువ్వు కల్పించేదేంటి? మా తాతల నాటిది.”

ఊరు వేసి నలభై ఒక్క ఏళ్ళు. ఆయన తాత ఈ ఊరు చూడనే లేదు. అబద్ధానికి వయసు ఎంత త్వరగా వస్తుందో నేను అప్పుడు చూశాను.

అప్పుడు ధనకొండ తాయెత్తు పిడికిట్లో పట్టుకుని అంది: “ఇయ్యాల్టి నుంచి వంటశాల ముద్ద ముట్టను. తాత వండింది తింటాను, మీ కళ్ళ ముందరే తింటాను. పున్నమి పోటుకి ముందు వరసలో నేనే పరిగెడతాను. నేను పడకుండా తిరిగొస్తే పెంటయ్య మావని తూములో ఎయ్యండి. గాయం లేకుండా పడితే నన్ను ఇదే చావట్లో, అందరూ సూత్తుండగా, తాత సేత కోయించండి. లోపల ఉబ్బుంటే మావ ఇంటికెల్తాడు. ఉబ్బులున్న ఈ నలుగురు ఇంక పరిగెత్తరు.”

సర్వారాయుడు ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడంలో ఆయనకి పోయేది లేదు. ఆయన నమ్మకం ప్రకారం కుబుసంవాళ్ళు గాయం లేకుండా పడరు.

ఏకాదశి.
“కూచో. బతుకుతావు. పంపు దగ్గర పని ఇస్తాను” అన్నాను.

“కూచుంటే మావ చస్తాడు. మావ చచ్చాక ఇంకొకడు పడతాడు, అప్పుడు ఇంకో వంటోడు చస్తాడు. ఊళ్ళో వంటోళ్ళు అయిపోతారు తాతా.”

“పోనీ నడిచి వెళ్ళు. పరిగెత్తకు.”

“దోనెలోళ్ళకి కబురెట్టు, కొంచెం ఆగమని.”

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

“నువ్వు మా అమ్మకి సెప్పింది అబద్ధమే కావచ్చు. నేను దాని మీదే ఇరవై ఎనిమిదేళ్ళు నిలబడ్డాను. ఆ పిడిగుద్దు మాత్రం నీకు బాకీ ఉంది కాబట్టి ఇచ్చాను.”

త్రయోదశి.
మూడు రోజులుగా నేనే వండుతున్నాను. సాక్షులు ఆరుగురు ఎదురుగా కూచుని ఆమె తినడం చూస్తారు. మొదటి రోజు మాడింది, రెండో రోజు ఉడకలేదు. ఈ రోజు ఒక సాక్షి ఆమె ముఖం చూసి, “అమ్మాయ్, పెంటయ్య ఇషమే నయమేమో” అన్నాడు. ఆమె పొలమారేలా నవ్వింది. నవ్వు ఆగాక ఎడం దవడ పట్టుకుంది. సాక్షులు అది చూడలేదు.

పౌర్ణమి.
సూర్యుడు దిగుతుండగా పోటు ఎక్కింది. ముప్పై దోనెలు. పెంటయ్యని మూడో తూము పక్క గుంజకి కట్టేసి ఉంచారు, గెలిచాక పని సులువవుతుందని. దోనెలవాళ్ళు ఈసారి ఒకటో తూముకి వస్తున్నట్టు కనబడి మూడోదానికి మళ్ళారు. ముందు వరస ఇటు మైలు, అటు రెండున్నర మైళ్ళు పరిగెత్తింది. ఉబ్బులున్న నలుగురిని ధనకొండ పంపుగదిలో పెట్టి గొళ్ళెం వేసి వెళ్ళింది. లోపల వాళ్ళు తలుపు తంతూనే ఉన్నారు.

నేను కప్పు మీదున్నాను. రాస్తాను, చూసింది చూసినట్టు.

అప్పటికే కట్ట మీద పాతికమంది దోనెలవాళ్ళున్నారు. ధనకొండ అందరికన్నా ముందు చేరింది. ఆగలేదు. మొదటివాడి కంట్లోకి గెడ దింపింది, అది ఊడి రాకపోతే వదిలేసి వాడి కత్తే లాక్కుని రెండోవాడి మోచేయి నరికింది. మూడోవాడు ఆమె జుట్టు పట్టుకున్నాడు. ఆమె తలతో వాడి ముక్కు పగలగొట్టి, ఇద్దరూ రాళ్ళ మీద దొర్లి, పైన తను మిగిలింది. గుంజ దగ్గర పెంటయ్యని పొడవడానికి ఒకడు వెళ్తే వెనకనుంచి మెడ మీద నరికింది. వాడి రక్తం పెంటయ్య ముఖం మీద చిమ్మింది. మిగతా పద్నాలుగు మంది వచ్చిపడ్డారు. ఇద్దరు మనవాళ్ళు పోయారు, గాయాలతో. నీళ్ళలోకి తోసినవాళ్ళని కొక్కేలతో నొక్కి పట్టారు, బుడగలు ఆగేదాకా. దోనెలు వెనక్కి తిరిగాయి.

ధనకొండ కత్తి రాళ్ళ మీద ఆనించి నిలబడింది. చెయ్యి దవడ మీదకి వెళ్ళింది. మోకాళ్ళ మీద కూచుంది. పంపుగది వైపు తల తిప్పింది. నన్ను చూసిందని చెప్పను, మైలున్నర దూరం. కూచున్నట్టే ముందుకి ఒరిగింది.

బహుళ పాడ్యమి.
ఉదయం చావడిలో ఆడవాళ్ళు ఆమెని కడిగి, అంగుళం అంగుళం వెతికారు. అరచేతుల్లో బొబ్బలు, మోకాలి మీద గీరు. చంపే గాయం లేదు. సర్వారాయుడు తనే మళ్ళీ వెతికాడు.

కాగితం బరువు కూడా మోయలేని పక్కటెముకతో రంపం పట్టాను. ఎవరూ లేచి వెళ్ళలేదు. గుండె బయటికి తీసి, పీటమీద పెట్టి, సర్వారాయుణ్ణి పిలిచాను. “వేలు పెట్టండి” అన్నాను. ఆయన వేలు ఆ ఉబ్బు మీద ఆగింది. నొక్కాడు. గుల్లలా గరగరలాడింది. ఆ చప్పుడు చావడి చివర దాకా వినబడింది.

“పెంటయ్య కట్లిప్పండి” అన్నాడు. వేలు తుడుచుకోలేదు.

పెంటయ్య ఎడమచేత్తో వండాడు. మొదటి ముద్ద ఆమె పక్కన పెట్టాడు. రెండోది పంపుగదిలో ఉండిపోయిన నలుగురికీ. వాళ్ళు తిన్నారు. తింటూ ఒకడు తాయెత్తు తెంపి నా ఒళ్ళో విసిరాడు. దాన్ని తిరిగి ఇవ్వాలో వద్దో నాకు తెలియలేదు. పంపు చక్రానికి కట్టాను.

బహుళ చవితి.
లోనీరు రెండున్నర. రెండు పంపులూ నడుస్తున్నాయి. ఉబ్బున్న వంపు తీసేసి కొత్తది వేశాను. గొట్టాలకైతే అది కుదురుతుంది.

మధ్యాహ్నం వలలు అల్లే కనకం నాలుగేళ్ళ కూతుర్ని ఎత్తుకుని వచ్చింది. వారం నుంచి జ్వరం, నిన్న తగ్గిందట. పిల్ల కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. చేతులు చాపింది. వేళ్ళ కొసల నుంచి చర్మం తెల్లగా లేస్తోంది.

కనకం మొన్న చావట్లో ఉంది. అంతా చూసింది. అయినా అడిగింది.

“ఇది కుబుసమే కదా తాతా? మంచిదే కదా?”

కథ నోటి చివర తయారుగానే ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళ కింద చెప్పినదానికన్నా బాగా చెప్పగలను ఇప్పుడు, పళ్ళు తక్కువైనా.

“కాదమ్మా” అన్నాను.

ఆమె ఏడ్చింది. ఏడవనిచ్చాను. తరవాత పిల్ల రొమ్ము మీద శబ్దపుకర్ర ఆనించాను. చల్లగా ఉందని పిల్ల నవ్వింది. ఇప్పటికి ఒక గొట్టం కొంచెం వెడల్పుగా ఉంది, కొంచెమే. ప్రతి అమావాస్యకీ తీసుకురమ్మన్నాను. పరుగు పందేలు వద్దన్నాను. ముందు వరసలో ఎప్పటికీ వద్దన్నాను.

పేరు అడిగాను. ఈ పుస్తకంలో నీటిమట్టం పక్కన ఇక నుంచి ఇంకొక గడి ఉంటుంది. కట్టపెద్ద తనిఖీ చేసుకోవచ్చు.

లోనీరు: రెండున్నర జానలు.
కనకం కూతురు బంగారి: ఎడమ గొట్టం, గోధుమ కాడకన్నా కొంచెం ఎక్కువ.